గడప దాటని కబురు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో అయిదు, వేరువేరు ఊళ్ళ నుంచి వచ్చినవే అయినా, ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. బయటి నుంచి వచ్చిన రసాయనిక సందేశాన్ని కణం లోపలికి ఎలా చేరవేసుకుంటుందన్నదే ఆ విషయం. అందువల్ల వాటన్నిటికీ ఒకేచోట జవాబిస్తున్నాను.

ప్రశ్న: అడ్రినలిన్, గ్లూకగాన్ వంటి హార్మోనులు కణంలోకి వెళ్ళవని, అవి పొర మీది గ్రాహకానికి అతుక్కుంటే లోపల ‘ద్వితీయ వార్తాహరి’ పుడుతుందని మా ఇంటర్ జంతుశాస్త్రంలో రెండు వాక్యాలలో ఉంది. పరీక్షకు అంతవరకు చాలునని మా మాస్టారు అన్నారు. వచ్చిన హార్మోను బయటే ఉండిపోతే లోపల పని ఎలా జరుగుతుంది? అలా జరుగుతుందని ఎవరికైనా ఎలా తెలిసింది?
– ఒక విద్యార్థిని, భీమవరం

జవాబు: మీ రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఎలా తెలిసిందో చెబితే, ఎలా జరుగుతుందో సగం చెప్పినట్టే.

అది 1950ల నాటి సంగతి. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో, వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో ఎర్ల్ సదర్లాండ్ అనే శాస్త్రవేత్త కాలేయం మీద పరిశోధన చేస్తున్నాడు. మనిషికి భయం వేసినప్పుడు అడ్రినలిన్ విడుదలై రక్తంలో చక్కెర పెరుగుతుందని, కాలేయంలో గ్లైకోజెన్‌గా నిల్వ ఉన్న గ్లూకోజును విడగొట్టే ఫాస్ఫారిలేజ్ అనే ఎంజైము చురుకెక్కడమే దానికి కారణమని అప్పటికే తెలుసు. అడ్రినలిన్ ఆ ఎంజైమును ఎలా లేపుతుందో మాత్రం తెలియదు. హార్మోను ప్రభావం కణం చెక్కుచెదరకుండా ఉన్నప్పుడే కనిపిస్తుందని, కణాన్ని నలిపితే అది మాయమవుతుందని ఆ రోజుల్లో చాలామంది నమ్మేవారు. సదర్లాండ్, ఆయన సహచరుడు థియోడర్ రాల్ కుక్క కాలేయాన్ని మెత్తగా నూరి, ఆ ముద్దలో అడ్రినలిన్ కలిపి చూశారు. కణాలన్నీ చితికిపోయి ఉన్నా ఫాస్ఫారిలేజ్ చురుకెక్కింది.

ఆ తరువాత వారు చేసిన పని చాలా సాదాగా ఉంటుంది, కాని నాకు అది ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. ఆ ముద్దను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగుకు చేరిన పొరల ముక్కలను, పైన నిలిచిన తేటను వేరు చేశారు. ఫాస్ఫారిలేజ్ తేటలోనే ఉంది, అయినా ఆ తేటకు అడ్రినలిన్ కలిపితే ఏమీ జరగలేదు. అడుగున చేరిన మడ్డిని తిరిగి కలిపితే మాత్రం జరిగింది. అప్పుడు వారు మడ్డికి మాత్రమే అడ్రినలిన్‌ను, కణం శక్తి కోసం ఖర్చు పెట్టే ఏటీపీ అనే అణువును కలిపి, కొంతసేపు ఉంచి, ఆ మిశ్రమాన్ని బాగా వేడి చేశారు. ఉడికిన గుడ్డులో తెల్లసొన గట్టిపడినట్టు ప్రోటీన్లన్నీ గడ్డకట్టి పనికిరాకుండా పోయాయి. మిగిలిన ద్రవాన్ని తీసి తేటలో వేస్తే ఫాస్ఫారిలేజ్ చురుకెక్కింది. ఆ ద్రవంలో అడ్రినలిన్ కూడా ఉంటుంది కదా అని మీకు అనుమానం రావాలి. అయితే అడ్రినలిన్ ఒక్కటే తేటను కదిలించలేదని వారు ముందే చూశారు. అంటే, హార్మోను తాకగానే కణపు పొర ఏటీపీ నుంచి, వేడికి చెడని చిన్న పదార్థమేదో తయారు చేస్తున్నది. లోపలికి కబురు మోసేది అదేనన్నమాట.

ఆ పదార్థం ఏమిటో తేల్చడానికి కూడా ఒక చిత్రమైన కలయిక తోడ్పడింది. సదర్లాండ్ తనకు దొరికిన వింత న్యూక్లియోటైడు గురించి లియాన్ హెపెల్ అనే జీవరసాయన శాస్త్రవేత్తకు ఉత్తరం రాశాడు. అదే కాలంలో డేవిడ్ లిప్కిన్ అనే మరొక రసాయన శాస్త్రవేత్త, ఏటీపీని బేరియం హైడ్రాక్సైడ్‌తో కలిపినప్పుడు వచ్చిన తెలియని పదార్థం గురించి అదే హెపెల్‌కు రాశాడు. రెండు ఉత్తరాలనూ చూసిన హెపెల్, ఇద్దరూ చెబుతున్నది ఒకే వస్తువు గురించేనని గ్రహించి వారిని కలిపాడు. అదే సైక్లిక్ ఏఎంపీ, మీ పుస్తకం చెప్పిన ‘ద్వితీయ వార్తాహరి’. సదర్లాండ్‌కు 1971లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది, ఆ ఏడాది ఆ బహుమతిని ఆయన ఎవరితోనూ పంచుకోలేదు.

మీరు భీమవరం నుంచి రాశారు కనుక ఒక మాట చెప్పకుండా ఉండలేను. సైక్లిక్ ఏఎంపీకి ముడిసరుకైన ఏటీపీని 1929లో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరం నుంచి వేరు చేసినవారు మీ ఊళ్ళోనే 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. ఏటీపీకి మూడు ఫాస్ఫేట్లుంటాయి. వాటిలో రెంటిని తీసేసి, మిగిలిన ఒక్కదానిని అదే అణువులోని చక్కెరకు రెండో చోట కూడా కొక్కెం వేసినట్టు తగిలిస్తే, అది ఉంగరంలా మూసుకుని సైక్లిక్ ఏఎంపీ అవుతుంది.

ఇక అది ఎలా జరుగుతుందో చూద్దాం. అడ్రినలిన్ పెద్ద అణువు కావడం వల్ల లోపలికి పోలేదని కొందరు రాస్తుంటారు, అది సరికాదు. అడ్రినలిన్ అణుభారం 183, సైక్లిక్ ఏఎంపీది 329. బయట ఆగిపోయినదే చిన్నది. అసలు కారణం ఏమిటంటే, కణపు పొర కొవ్వుతో తయారైనది, అడ్రినలిన్ నీటితో కలిసే స్వభావం కలది. కొవ్వులో కరిగే స్టీరాయిడ్ హార్మోనులు పొర దాటి నేరుగా లోపలికే వెళతాయి. అడ్రినలిన్‌కు మాత్రం, పొరను ఏడుసార్లు అటూ ఇటూ దాటి అల్లుకుని ఉన్న గ్రాహకమే గడప. అది వచ్చి అతుక్కోగానే గ్రాహకం ఆకారం కొద్దిగా మారుతుంది. ఆ మార్పు లోపలి వైపున దానిని ఆనుకుని ఉన్న జి-ప్రోటీన్‌కు తెలుస్తుంది. జి-ప్రోటీన్ తన దగ్గరున్న జీడీపీ అనే చిన్న అణువును వదిలి, దానికన్నా ఒక ఫాస్ఫేటు ఎక్కువున్న జీటీపీని పట్టుకుని, పొర వెంబడే కదిలి, ఎడినైలైల్ సైక్లేజ్ అనే ఎంజైమును తట్టి లేపుతుంది. ఏటీపీని సైక్లిక్ ఏఎంపీగా మార్చేది ఈ ఎంజైమే. గ్రాహకానికీ ఎంజైముకూ నడుమ ఇటువంటి మధ్యవర్తి ఒకటి ఉందని చూపిన మార్టిన్ రాడ్‌బెల్, ఆల్‌ఫ్రెడ్ గిల్‌మన్‌లకు 1994లో నోబెల్ లభించింది.

పుట్టిన సైక్లిక్ ఏఎంపీ అణువులు కణద్రవంలోకి విస్తరించి, ప్రోటీన్ కైనేజ్ ఏ అనే ఎంజైముకు వేసి ఉన్న తాళాన్ని తీస్తాయి. నాలుగు అణువులు వచ్చి కూర్చుంటే ఆ ఎంజైములోని రెండు పనిచేసే భాగాలు విడుదలవుతాయి. కైనేజ్ అంటే ఫాస్ఫేటు తగిలించే ఎంజైము. అవి మరొక కైనేజ్‌కు ఫాస్ఫేటు తగిలిస్తాయి, అది ఫాస్ఫారిలేజ్‌కు తగిలిస్తుంది, ఫాస్ఫారిలేజ్ గ్లైకోజెన్ నుంచి గ్లూకోజును విడగొడుతుంది. ఒక్కొక్క మెట్టు దగ్గర ఒక్కొక్క ఎంజైము ఎన్నో అణువులను మారుస్తుంది కనుక, గడప బయట నిలిచిన కొద్దిపాటి హార్మోనుకు జవాబుగా లోపల లెక్కకు మిక్కిలిగా గ్లూకోజు అణువులు బయటపడతాయి.

పుస్తకాలు సాధారణంగా ఈ పెంపు దగ్గర ఆగి, కబురు ఎలా ఆగుతుందన్నది చివర ఒక ముక్కలో చెప్పి వదిలేస్తాయి. నా దృష్టిలో ఆ చివరి ముక్కే అసలు పాఠం. పలక తుడిస్తేనే దాని మీద మళ్ళీ రాయగలం. ఫాస్ఫోడైయెస్టరేజ్ అనే ఎంజైములు సైక్లిక్ ఏఎంపీ ఉంగరాన్ని ఎప్పటికప్పుడు విప్పి మామూలు ఏఎంపీగా మార్చేస్తుంటాయి. జి-ప్రోటీన్ తాను పట్టుకున్న జీటీపీని తానే కొద్ది సెకన్లలో జీడీపీగా కోసేసి నిద్రలోకి జారుతుంది. ఫాస్ఫేటులు తగిలించిన ప్రోటీన్ల నుంచి వాటిని తీసేయడానికి వేరే ఎంజైములున్నాయి. రాసే చేయి, తుడిచే చేయి రెండూ ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి, వాటిలో ఏది ముందుంటే దానిని బట్టి కణం నడుచుకుంటుంది. తుడిచే చేయి ఆగిపోతే ఏమవుతుందో కింద మూడో జవాబులో చూడండి.

ప్రశ్న: మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు, ఉబ్బసం ఉంది. సాల్బుటమాల్ ఇన్హేలరు పీల్చిన కొద్ది నిమిషాలకే ఊపిరి సులువవుతుంది. కాని గుండె దడగా ఉందంటాడు, పాలగ్లాసు పట్టుకుంటే చేయి సన్నగా వణుకుతుంది. ఊపిరితిత్తుల మందుకు గుండెతో, చేతితో ఏమి పని?
– ఒక తల్లి, హైదరాబాదు

జవాబు: సాల్బుటమాల్ అడ్రినలిన్‌ను పోలిన అణువు. శ్వాసనాళాల చుట్టూ ఉండే నునుపు కండరం మీద బీటా-2 అనే గ్రాహకాలుంటాయి, మందు వాటికే ఎక్కువగా అతుక్కునేట్టు తయారైంది. లోపల జరిగేది పైన చెప్పినదే, అంటే జి-ప్రోటీన్ లేస్తుంది, సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది, ప్రోటీన్ కైనేజ్ ఏ విడుదలవుతుంది. అక్కడ ఆ కైనేజ్, కండరం బిగుసుకోవడానికి అవసరమైన ఎంజైమును మందగింపజేసి, కణద్రవంలో కాల్షియంను తగ్గిస్తుంది. కండరం సడలి నాళం తెరుచుకుంటుంది.

ఇదే సైక్లిక్ ఏఎంపీ గుండె కండరంలో పెరిగితే ఫలితం తారుమారవుతుంది. అక్కడ అదే కైనేజ్ కాల్షియం వాకిళ్ళకు ఫాస్ఫేటు తగిలించి, ప్రతి స్పందనకూ మరింత కాల్షియం లోపలికి వచ్చేలా చేస్తుంది కనుక గుండె వేగంగా, బలంగా కొట్టుకుంటుంది. గుండెలో ఎక్కువగా ఉండేవి బీటా-1 గ్రాహకాలే అయినా, బీటా-2 కూడా కొన్ని ఉంటాయి. పైగా పీల్చిన మందులో కొంత రక్తంలో కలుస్తుంది. చేతి కండరాలలోనూ బీటా-2 గ్రాహకాలున్నాయి, ఆ సన్నని వణుకు వాటి వల్లనే. సాధారణంగా కొద్దిసేపటికి అది తగ్గిపోతుంది. దడ మరీ ఎక్కువగా ఉన్నా, ఇన్హేలరు మునుపటికన్నా తరచుగా అవసరమవుతున్నా మీ వైద్యునికి తప్పక చెప్పండి. అలా తరచుగా అవసరపడటం ఉబ్బసం అదుపులో లేదనడానికి గుర్తు.

మీ ప్రశ్నలో ఇంకొక లోతైన సంగతి దాగి ఉంది. ఒకే వార్తాహరి ఒకచోట కండరాన్ని సడలించి, మరొకచోట బలంగా బిగించి, కాలేయంలో చక్కెరను వదిలిస్తున్నది. అంటే అర్థం కబురులో లేదు, దానిని అందుకునే కణంలో ఉంది. ఏ కణంలో ఏ ప్రోటీన్లు ఫాస్ఫేటు కోసం సిద్ధంగా ఉన్నాయో ఆ పనే జరుగుతుంది. అంతేకాదు, ఒకే కణంలో కూడా కబురు అన్ని మూలలకూ సమానంగా పాకదు. గుండె కణాలలో అడ్రినలిన్ వంటి మందు, ప్రోస్టాగ్లాండిన్ అనే హార్మోను వంటి పదార్థంలో ఒక రకం, రెండూ సైక్లిక్ ఏఎంపీని పెంచుతాయి, అయినా గుండె బలంగా కొట్టుకునేది మొదటి దానికే. కైనేజ్‌ను కణంలో నిర్దిష్టమైన చోట్ల కట్టి ఉంచే లంగరు ప్రోటీన్లు, వాటి పక్కనే కాపలా కాసే ఫాస్ఫోడైయెస్టరేజ్‌లు కబురును ఏ మూల పుట్టినదానిని ఆ మూలకే పరిమితం చేస్తాయి. తుడిచే చేయి కాలాన్నే కాదు, స్థలాన్ని కూడా నిర్ణయిస్తుందన్నమాట.

ప్రశ్న: కలరా క్రిమి పేగును కొరికి పుండు చేయదని, అయినా మనిషి గంటల్లో నీరసించి పడిపోతాడని విన్నాను. అది ఎలా సాధ్యం? అంత నీరు పోతుంటే ఓఆర్ఎస్ ఎలా పనిచేస్తుంది?
– ఒక ఆరోగ్య కార్యకర్త, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీరు విన్నది నిజం. కలరాలో పేగు గోడ దాదాపు చెక్కుచెదరదు. హాని చేసేది క్రిమి వదిలే విషం. ఈ సంగతిని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే అనే వైద్య శాస్త్రవేత్త రుజువు చేశాడు. కలరా క్రిములను పెంచిన ద్రవం నుంచి క్రిములన్నిటినీ వడగట్టి తీసేసి, ఆ ద్రవాన్ని మాత్రమే కుందేలు పేగులో రెండు చోట్ల ముడివేసిన భాగంలోకి ఎక్కిస్తే, ఆ భాగం నీటితో ఉబ్బిపోయింది. క్రిమి లేకపోయినా కలరా లక్షణం కనిపించింది. ఇంత గొప్ప పని చేసిన మనిషికి బతికుండగా దేశంలో తగిన గుర్తింపు దక్కలేదు. ఆ విషయం తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

ఆ విషం పేగు కణంలోకి చేరి చేసే పని ఒక్కటే. సైక్లేజ్‌ను లేపే జి-ప్రోటీన్‌కు ఒక రసాయనిక ముక్కను అతికించి, జీటీపీని కోసే శక్తి దానికి లేకుండా చేస్తుంది. కొద్ది సెకన్లలో నిద్రపోవలసిన జి-ప్రోటీన్ ఇక నిద్రపోదు. హార్మోను ఏదీ రాకపోయినా సైక్లేజ్ సైక్లిక్ ఏఎంపీని తయారు చేస్తూనే ఉంటుంది. దాని ప్రభావంతో పేగు కణాల క్లోరైడు వాకిళ్ళు తెరుచుకుపోయి, క్లోరైడు పేగులోకి కారుతుంది, దాని వెనుక సోడియం, వాటి వెనుక నీరు పోతాయి. తీవ్రమైన కలరాలో గంటకు లీటరు దాకా నీరు పోవచ్చు. పాడైన కణాలు కొద్ది రోజులలో రాలిపోయి కొత్తవి పుట్టుకు వస్తాయి, అంతవరకు మనిషిని నిలబెట్టగలిగితే చాలు.

అందుకు పేగు కణంలోనే మరొక వాకిలి ఉంది. గ్లూకోజును, సోడియంను జంటగా లోపలికి తీసుకునే ఒక రవాణా ప్రోటీన్‌ను కలరా విషం చెడగొట్టదు. గ్లూకోజు ఒక్కటికి రెండు సోడియం అయాన్లు లోపలికి వస్తాయి, వాటి వెంట నీరు వస్తుంది. ఉప్పునీరు ఒక్కటే తాగిస్తే ఫలితం లేకపోవడానికి, అందులో చక్కెర చేరగానే ప్రాణం నిలబడటానికి ఇదే కారణం. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థుల నడుమ పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శిబిరంలో కలరా చెలరేగి, నరాలకు ఎక్కించే సెలైను అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు-చక్కెర నీటినే, అంటే ఓఆర్ఎస్‌నే, డ్రమ్ములలో కలిపి బంధువుల చేతనే రోగులకు తాగించారు. అక్కడ దాదాపు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి.

మీరు ఇంటింటికీ చెప్పేటప్పుడు కొలత గట్టిగా చెప్పండి. లీటరు ప్యాకెట్టును లీటరు నీటిలోనే పూర్తిగా కలపాలి, సగం ప్యాకెట్టు గ్లాసులో వేయకూడదు. ప్యాకెట్టు దొరకకపోతే లీటరు మంచినీటికి ఆరు సమతల చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపాలి, ఇవి టీ చెంచాలు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

ప్రశ్న: కాల్షియం అయానును కూడా ద్వితీయ వార్తాహరి అంటున్నారు. రసాయనశాస్త్రం చెప్పినవాడిని కనుక అడుగుతున్నాను. దానిని ఏ ఎంజైమూ తయారు చేయదు, ఏ ఎంజైమూ నాశనం చేయదు. మరి అది కబురు ఎలా అవుతుంది?
– ఒక విశ్రాంత అధ్యాపకులు, కాకినాడ

జవాబు: మాస్టారూ, దానిని తయారు చేయనక్కరలేదు, కట్టడి చేస్తే చాలు. కణం వెలుపల కాల్షియం లీటరుకు ఒక మిల్లీమోలుకు పైగా ఉంటే, విశ్రాంతిగా ఉన్న కణం లోపల దానిలో పదివేలవ వంతు మాత్రమే స్వేచ్ఛగా ఉంటుంది. ఏటీపీ ఖర్చు పెట్టి పంపులు దానిని నిరంతరం బయటికో, కణంలోని సంచులలోకో తోస్తుంటాయి. కణానికి ఇంత శ్రమ ఎందుకో మీకు తేలికగానే తడుతుంది. లోపల నిండా ఫాస్ఫేటు ఉంది, కాల్షియం పెరిగితే రెండూ కలిసి కరగని పదార్థంగా పేరుకునే అవక్షేపమే. అలా ఖాళీగా ఉంచిన చోట చిన్న వాకిలి తెరిచినా తేడా పెద్దగా తెలుస్తుంది. కొన్ని హార్మోనులు పొరలోని ఒక ఫాస్ఫోలిపిడ్‌ను రెండుగా చీలుస్తాయి. వాటిలో ఐపీ-3 అనే ముక్క నీటిలో కరిగి వెళ్ళి లోపలి సంచుల తలుపు తీస్తుంది, రెండోది పొరలోనే ఉండి వేరొక కైనేజ్‌ను లేపుతుంది. ఇక్కడ తుడిచే చేయి ఆ పంపులే.

కాల్షియం మహిమ మొదట బయటపడింది ఒక పొరపాటు వల్ల. 1880లలో లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండెను ఉప్పునీటిలో ఉంచి పరీక్షిస్తుండేవాడు. స్వేదనజలంతో చేయవలసిన ఉప్పునీటిని అక్కడి సహాయకుడు కొళాయి నీటితో చేశాడు. గుండె చక్కగా కొట్టుకుంది. పద్ధతి ప్రకారం స్వేదనజలంతో చేసినప్పుడు గుండె ఆగిపోయింది. కొళాయి నీటిలోని కాల్షియమే తేడా అని రింగర్ 1883లో ప్రకటించాడు.

ప్రశ్న: కాఫీలోని కెఫీన్ ఫాస్ఫోడైయెస్టరేజ్‌ను అడ్డుకుని సైక్లిక్ ఏఎంపీని పెంచుతుందని, అందుకే హుషారు వస్తుందని చదివాను. నిజమేనా?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: పరీక్షనాళికలో నిజమే. కెఫీన్, దాని దాయాది థియోఫిలిన్ ఆ ఎంజైమును అడ్డుకుంటాయి. కాని అందుకు కావలసిన మోతాదు, రెండు మూడు కప్పుల కాఫీతో రక్తంలో చేరే దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. మామూలు మోతాదులో కెఫీన్ చేసేది వేరు. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ పేరుకుని నిద్ర తెప్పిస్తుంది. అది కూర్చోవలసిన గ్రాహకాల మీద కెఫీన్ ముందుగా కూర్చుని చోటు లేకుండా చేస్తుంది. మెలకువకు ముఖ్యమైన ఏ-2ఏ గ్రాహకం దగ్గర అడినోసిన్ సైక్లిక్ ఏఎంపీని పెంచుతుంది కనుక, కెఫీన్ వల్ల ఆ కణాలలో సైక్లిక్ ఏఎంపీ పెరగకుండా ఆగుతుంది, అంటే మీరు చదివినదానికి సరిగ్గా వ్యతిరేకం.